ఢిల్లీ చుట్టూ కాలువ గట్లు, సైకిలు బాటలు

ఢిల్లీ చరిత్రను కోటల వరుసగానో, రాజవంశాల వరుసగానో చెప్పుకోవడం పరిపాటి. ఆ నగరానికి నీరు తెచ్చిన కాలువలకు, వాననీటిని యమునకు చేర్చిన వాగులకు కూడా ఒక చరిత్ర ఉన్నది. అయితే వాటి గట్ల మీద ఎవరు నడిచారు, ఎవరిని నడవనిచ్చారు అన్న సంగతి ఆ చరిత్రలో ఒక మూల మిగిలిపోయిన విషయం. నేడు రాజధాని ప్రాంతంలో సైకిలు తొక్కేవారు నగరపు రద్దీని తప్పించుకొని పల్లెల వైపు పోదలచినప్పుడు వెతుక్కొనేవి ఈ గట్లనే. మురాద్‌నగర్ వద్ద గంగా కాలువ, ఓఖ్లా నుండి ఫరీదాబాదు మీదుగా దక్షిణానికి సాగే ఆగ్రా కాలువ, ఢాన్సా నుండి ఛావ్లా వరకు పొలాల నడుమ వచ్చే నజఫ్‌గఢ్ నాలా ఇందుకు చెప్పుకోదగిన ఉదాహరణలు.

కాలువ గట్టు సైకిలుకు అనుకూలంగా ఉండడం కాకతాళీయం కాదు. నీరు ఒరవడి లేకుండా, ఇసుక మేట వేయకుండా పారాలంటే కాలువకు మైలుకు కొన్ని అంగుళాల వాలు మాత్రమే ఉండాలి. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా ఇంజనీరు ఆ వాలును కాపాడుకుంటూ పోతాడు. కాలువ పక్కనే సాగే బాటకూ అదే సమతలం సంక్రమిస్తుంది. ఎత్తులు ఎక్కే శ్రమ లేని దారి సైకిలు పుట్టకముందే సిద్ధమై ఉన్నదన్నమాట.

ఈ ప్రాంతంలో కాలువల తవ్వకానికి ఆద్యుడు ఫిరోజ్ షా తుగ్లక్. 14వ శతాబ్దంలో ఆయన యమునా జలాలను హిస్సారు వైపు మళ్ళించాడు. 17వ శతాబ్దంలో షాజహాను కొలువులోని అలీ మర్దాన్ ఖాన్ పర్యవేక్షణలో ఆ నీరు ఢిల్లీ దాకా వచ్చి, చాందినీ చౌక్ నడిబొడ్డున పారి కోటలోని తోటలను తడిపింది. మొగలాయి పాలన క్షీణించడంతో ఆ కాలువ పూడిపోయింది. ఈస్టిండియా కంపెనీ ఇంజనీర్లు దానిని బాగుచేయించి 1820లో నగరానికి మళ్ళీ నీరు రప్పించారు. తర్వాత ప్రోబీ కాట్లీ రూపొందించిన గంగా కాలువ 1854లోనూ, ఓఖ్లా ఆనకట్ట నుండి బయలుదేరే ఆగ్రా కాలువ 1874లోనూ ప్రారంభమయ్యాయి. గట్లకు బలం, ఉద్యోగులకు నీడ, శాఖకు కలప ఆదాయం చేకూరాలని ఈ కాలువల వెంట శింశుప మొదలైన వృక్షాలను విరివిగా నాటించారు.

గట్టు మీది బాటను హిందీ ప్రాంతంలో ‘పట్రీ’ అంటారు. దీని స్వభావం తెలుగువారికి పరిచితమైన గోదావరి కాలువ గట్టు స్వభావానికి భిన్నమైనది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట డెల్టా కాలువలు సాగునీటితోపాటు పడవల రాకపోకలకూ ఆధారమయ్యాయి. గట్టు మీద నడుస్తూ తాళ్ళతో పడవలను లాగే మనుషులు, బడికి పోయే పిల్లలు, సంతకు పోయే రైతులు ఆ గట్టును ఊరి దారిగానే ఎరుగుదురు. ఉత్తరాది పట్రీ మాత్రం మొదటినుంచీ శాఖవారి దారి. గుర్రం మీద వచ్చే అధికారి గేజీ చూసుకొని, తూములు తనిఖీ చేసుకొని, సాయంకాలానికి కాలువ బంగళా చేరుకోవడానికి వేసుకున్నది.

ఈ భేదాన్ని చట్టం స్థిరపరచింది. 1873 నాటి ఉత్తర భారత కాలువల, మురుగునీటి పారుదల చట్టం ప్రకారం, నియమాలకు విరుద్ధంగా, వద్దని చెప్పిన తరువాత కూడా, పశువులనుగాని బండ్లనుగాని కాలువ గట్ల మీదుగా తోలడం శిక్షార్హమైన నేరం. ఎడ్లబండి చక్రాలు గట్టును కోసివేస్తాయన్న ఇంజనీర్ల భయం సహేతుకమే. కాని ఫలితం మరొక రకంగానూ పరిణమించింది. పక్క పొలం రైతు తన బండితో చుట్టుతిరిగి పోవలసివచ్చింది. పట్రీ నిర్జనంగా, నీడగా, ప్రశాంతంగా మిగిలింది. నేటి సైకిలు యాత్రికుడు మెచ్చుకొనే ఆ ప్రశాంతతకు మూలం ఒక నిషేధాజ్ఞ. 1974లో హర్యానా తన సొంత కాలువల చట్టాన్ని చేసుకున్నది. అయినా గట్టు శాఖ ఆస్తి అన్న భావన మాత్రం చెక్కుచెదరలేదు.

వాగుల కథ ఇంతకంటె విషాదకరమైనది. ‘నాలా’ అన్న మాటకు మొదటి అర్థం వాగు. ఆరావళి గుట్టల మీద పడిన వాన ఈ నాలాల గుండానే యమునకు చేరేది. ఖిడ్కీ గ్రామం వద్ద ముహమ్మద్ బిన్ తుగ్లక్ కట్టించిన సత్పులా అటువంటి వాగుకు అడ్డంగా నిలిచిన నీటి కట్టడమే. జహంగీరు కాలంలో, 1612-13 ప్రాంతంలో, నిజాముద్దీన్ సమీపాన నిర్మించిన బారాపులా వంతెన కూడా అట్టి ప్రవాహం మీదిదే. ఇరవయ్యో శతాబ్దంలో నగరం పెరిగి, ఇళ్ళ మురుగు వాటిలోకి చేరిన తరువాత పేరు అదే ఉండగా అర్థం మారిపోయింది. హైదరాబాదులోనూ ఆ మాటకు పట్టిన గతి ఇదే. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం బారాపులా వాగు మీదుగా ఎత్తైన రహదారి నిర్మించినప్పుడు మొగలాయిల వంతెన పేరు ఆ రహదారికి దక్కింది. వాగుకు దాని నీడ దక్కింది.

నజఫ్‌గఢ్ నాలా అసలు ఒక నది. రాజస్థాన్‌లోని ఆరావళి కొండల్లో పుట్టిన సాహిబీ నది హర్యానా మీదుగా వచ్చి ఢాన్సా వద్ద ఢిల్లీలో ప్రవేశించి, నజఫ్‌గఢ్ వద్ద విశాలమైన సరస్సుగా పరచుకొనేది. సాగుభూమి కోసం 19వ శతాబ్దంలోనే ఆ సరస్సు నీటిని కాలువ తవ్వి యమునలోకి దించారు. 1977లో సాహిబీ వరద ఢిల్లీ పడమటి గ్రామాలను ముంచెత్తిన పిమ్మట నాలాను వెడల్పు చేసి గట్లు పెంచారు. వజీరాబాదు దిగువన యమునలో కలిసేవరకు ఢిల్లీలో దీని పొడవు సుమారు 57 కిలోమీటర్లు. నగరం మధ్య దుర్గంధభూయిష్ఠమైన ఈ ప్రవాహమే ఎగువన, పొలాల మధ్య, శీతకాలపు వలస పక్షులకు ఆశ్రయం. ఇటీవలి సంవత్సరాలలో అధికారులు సాహిబీ అన్న పాత పేరును మళ్ళీ వాడుకలోకి తెస్తున్నారు. ఇది హర్షణీయమే. పేరు తిరిగివచ్చినంత సులభంగా నీరు తిరిగిరాదన్న సంగతి కూడా వారికి తెలియనిది కాదు.

నాలాల వెంట, యమున ఒడ్డున పచ్చని బాటలు వేసి సైకిళ్ళకు దారి కల్పించాలన్న ఆలోచన ఢిల్లీలో కొంతకాలంగా ఉన్నది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం సైకిలుకూ పాదచారికీ ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. 2008లో అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ వరకు బస్సుల ప్రత్యేక మార్గంతోపాటు సైకిళ్ళకు విడిగా దారి వేశారు. కార్లలో తిరిగేవారి అసంతృప్తికి అది తట్టుకోలేకపోయింది. 2016లో ఆ మార్గాన్ని తొలగించారు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌరఫలకాల కప్పుతో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు దారికి ఇంతటి వ్యతిరేకత ఎదురుకాలేదు. అది ఎవరి కారు దారినీ తగ్గించలేదన్న విషయం ఇక్కడ గమనించదగినది.

సైకిలు ఢిల్లీలో రెండు జీవితాలు గడుపుతున్నది. ఒకటి వారాంతపు వ్యాయామం. రెండవది జీవనోపాధి. యమునకు తూర్పున ‘పుష్తా’ అని పిలిచే వరద కట్టల మీద తెల్లవారకముందే పనులకు పోయే కూలీలు, నదీగర్భపు పొలాల నుండి కూరగాయలు తెచ్చేవారు, పాలక్యాన్లు తగిలించుకున్నవారు ఈ రెండవ కోవకు చెందుతారు. దేశంలో పేరెన్నికగన్న అట్లాస్ సైకిళ్ళ కంపెనీ 1951లో ఢిల్లీ పొరుగున ఉన్న సోనీపత్‌లోనే మొదలైంది. రెండవ కోవకు చెందిన మనుషులే దాని కొనుగోలుదారులలో అధికులు. సాహిబాబాదులోని దాని కర్మాగారం 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, మూతపడింది.

గంగా కాలువ ఎడమ గట్టు ఇప్పటికే కావడి యాత్రికుల కోసం వాహనాల రహదారిగా మారింది. కుడి గట్టున మురాద్‌నగర్ నుండి పుర్కాజీ వరకు మరొక రహదారికై లక్షకు పైగా చెట్ల తొలగింపునకు అనుమతి లభించగా, 2024లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ విషయాన్ని స్వయంగా విచారణకు తీసుకున్నది. కాలువ శాఖ పెంచిన నీడ, నిషేధం కాపాడిన నిశ్శబ్దం ఈ విధంగా ఒకేసారి పోతున్నాయి. గట్టును అందరికీ తెరవడమంటే మోటారు వాహనాలకు తెరవడమే అన్న అర్థం ఎప్పుడు స్థిరపడిందో విచారించవలసి ఉన్నది.

నాలా గట్లపై బాటల ప్రణాళికలు పరిశీలనకు వచ్చినప్పుడు అధికారులు అడగదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ద్వారం ఉదయం ఎన్ని గంటలకు తెరుస్తారు? పాలక్యాన్లతో ఉన్న సైకిలు దానిలో పడుతుందా? చీకటి పడిన తరువాత ఇంటికి పోయే కూలీకి దీపాలు ఉంటాయా? నాలా పెద్ద రహదారి కిందుగా పోయేచోట సైకిలు ఎటు పోవాలి? ప్రవేశ రుసుము ఉంటే అది రోజూ రెండు పూటలా ప్రయాణించేవాడు ఇచ్చుకోగలిగినంత ఉంటుందా? వీటికి సమాధానాలు సాగునీటి, వరద నియంత్రణ శాఖ, ఢిల్లీ అభివృద్ధి సంస్థ, ప్రజాపనుల శాఖ, నగరపాలక సంస్థల దస్త్రాలలో వేర్వేరుగా పడి ఉంటాయి. ఎందుకంటే ఒకే గట్టుకు నేల ఒకరిది, నీరు ఒకరిది, చెట్టు ఒకరిది, దీపం మరొకరిది.