వంటచెరకు - అడవి చట్టము

మన కుటుంబములు నేడు వేర్వేరు రాష్ట్రములలో నున్నను, సేలము, బళ్లారి, గంజాము, కడప జిల్లాలలోని పెద్దలందఱును ఒకనాడు ఒకే చట్టమునకు లోబడి పొయ్యి రాజేసినవారే. అది 1882 నాటి మద్రాసు అటవీ చట్టము.

అంతకుముందు, 1871లో, గ్రామమువారికి వాడుక హక్కు లేని అడవి ఈ రాజధానిలో అరుదని మద్రాసు రెవెన్యూ బోర్డువారు వ్రాసిరి. పైవారికి ఆ మాట రుచింపలేదు. 1878లో వచ్చిన భారత అటవీ చట్టము మద్రాసునకు వర్తింపలేదు గాని, బ్రాండిస్ దొర వచ్చి పరిశీలించిన పిమ్మట ఇచ్చటికి వేరు చట్టమే సిద్ధమయ్యెను. రిజర్వు చేయదలచిన అడవిని ముందు ప్రకటింతురు. మూడు నెలలకు తగ్గని గడువులో జనులు తమ హక్కులను చెప్పుకొనవలెను. వినుటకు న్యాయముగనే యున్నది. మేము కాగితములతో బ్రతుకు గడపినవారము. చదువు రాని రైతు చేతిలో గడువు ఎట్లు జాఱిపోవునో ఎఱుగుదుము. గడువు దాటిన పిదప, నిన్నటివరకు చితుకు లేరుకొన్న ఇల్లాలు నేరస్థురాలయ్యెను.

అడవికి కాపుదల వలదని మేమనము. 1856లో రాయపురమునుండి రైలు నడచెను. క్లెగ్‌హార్న్ దొర మద్రాసునకు తొలి అటవీ సంరక్షకుడైనదియు ఆ యేడే. ఆనాటి ఇంజన్లు కట్టెలనే మ్రింగెడివి. పట్టణముల పొయ్యిలును అంతే. అడవి తఱుగుట నిజమే. అయితే బండ్లకొలది తఱిగినదానికి నెత్తిమోపుపై కట్టడి పెట్టుటయే మాకు మింగుడుపడని సంగతి.

మెచ్చవలసిన పని యొకటి జరిగినది. కోస్తా యిసుకనేలలలో సరుగుడు తోటలు వేసిరి. ఆనాటి నెల్లూరు జిల్లా శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హాం కాలువపై పడవలలో చెన్నపట్టణపు అడితులకు చేరెడివి. నేడు రాకెట్లు ఎగురు దీవి అదియే! పట్టణమునకు బదులు కట్టె దొరికెను. కొండదరి పల్లెకు దొరికినది పర్మిటు మాత్రమే.

1921లో పల్నాటి రైతులు మేతకు పుల్లరి కట్టమనిరి. మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులకు బలియయ్యెను. ఆ ఉద్యమమున జైలు కేగిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు చెఱసాలలో ‘మాలపల్లి’ వ్రాసిరి. వేలూరి సోదరులకు ఈ సంగతి గర్వకారణము.

1913 నాటి అటవీ విచారణ సంఘము పిమ్మట కొన్ని అడవులను గ్రామ పంచాయతుల కప్పగించిరి. కట్టె కొట్టువాడును కాచువాడును ఒకే ఊరివాడగుట ఆ యేర్పాటులోని సుగుణము. తరువాత కర్ణాటక 1963లో, ఆంధ్ర 1967లో, ఒడిశా 1972లో క్రొత్త చట్టములు చేసికొనెను. తమిళనాట 1882 నాటిదే సవరణలతో నిలిచినది. 1999లో ఆంధ్రమున దీపం పథకము గ్యాసు పొయ్యి తెచ్చెను. బండ కొనుట కొకసారి, నింపుట కెన్నిసార్లు! స్నానపు నీళ్ల పొయ్యికి పల్లెలలో పుల్లలే ఆధారము.

2006 నాటి అటవీ హక్కుల చట్టములో, అడవివాసులకు చెందు చిన్న ఉత్పత్తుల పట్టికలో, వెదురు, తేనెలతోపాటు చితుకులు, మోళ్లు పేరుపెట్టి చేర్చిరి. 2008 నిబంధనలలో, 2012 సవరణ వరకు, నెత్తిమోపు, సైకిలు, త్రోపుడుబండి యను మాటలును ఉండెడివి. ఆ వాక్యమును మేము రెండుసార్లు చదువుకొంటిమి.