హోమోసిస్టీన్: రక్తనాళ వ్యాధుల చరిత్ర

హోమోసిస్టీన్ గంధకం గల అమైనో ఆమ్లం. మాంసం, చేపలు, గుడ్లు, పాల ద్వారా ఎక్కువగానూ పప్పుల ద్వారా కొంతమేరకూ అందే మెథియోనిన్ నుంచి శరీరం దీన్ని తయారుచేసుకుంటుంది. దీన్ని తిరిగి మెథియోనిన్‌గా మార్చడానికి ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కావాలి. సిస్టీన్ వైపు మళ్లించడానికి బి6 కావాలి. ఈ దారుల్లో ఏది మూసుకుపోయినా ఇది రక్తంలో పేరుకుంటుంది. 1932లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త విన్సెంట్ డు విన్యో దీన్ని కనుగొన్నాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఇది వైద్యుల దృష్టికి రాలేదు.

1962లో ఉత్తర ఐర్లండ్‌లో, మానసిక ఎదుగుదల లోపించిన పిల్లల మూత్రాన్ని పరీక్షిస్తున్న కార్సన్, నీల్ కొందరిలో హోమోసిస్టీన్ రూపాంతరాన్ని గుర్తించారు. వారికున్నది హోమోసిస్టీన్యూరియా అనే వంశపారంపర్య వ్యాధి. దీని మూలం సిస్టాథయోనిన్ సింథేజ్ అనే ఎంజైము లోపమని 1964లో హార్వీ మడ్ బృందం తేల్చింది. ఈ వ్యాధి ఉన్నవారిలో చిన్న వయసులోనే రక్తపు గడ్డలు ఏర్పడేవి. అయితే నాళాలను చెడగొట్టేది పెరిగిన మెథియోనినా, హోమోసిస్టీనా? అమెరికాలో పాథాలజిస్టు కిల్మర్ మెకల్లీ 1969లో ఇచ్చిన సమాధానం వైద్యతర్కంలో మెచ్చదగిన ఘట్టం. ఈ వ్యాధి ఉండి 1933లో పక్షవాతంతో మరణించిన ఎనిమిదేళ్ల బాలుడి కణజాలాన్ని, మరో ఎంజైము లోపంతో మరణించిన రెండు నెలల శిశువు ధమనులను ఆయన పోల్చి చూశాడు. మొదటి రకం లోపంలో మెథియోనిన్ పెరుగుతుంది, రెండో రకంలో తగ్గుతుంది. పూడికలు మాత్రం ఇద్దరిలోనూ ఉన్నాయి. ఇద్దరిలోనూ ఉమ్మడిగా పెరిగేది హోమోసిస్టీన్ ఒక్కటే. అరుదైన వ్యాధిలో తేలిన ఈ సూత్రం సామాన్యుల గుండెజబ్బుకూ కొంత వర్తిస్తుందని ఆయన ప్రతిపాదించాడు. కొలెస్ట్రాల్ సిద్ధాంతం రాజ్యమేలుతున్న ఆ రోజుల్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1992లో దాదాపు 15,000 మంది అమెరికన్ వైద్యులపై జరిగిన పరిశీలనలో హోమోసిస్టీన్ అత్యధికంగా ఉన్నవారికి గుండెపోటు ముప్పు సుమారు మూడింతలని తేలాక పరిస్థితి మారింది. హోమోసిస్టీన్ నాళపు లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్‌ను తగ్గిస్తుందనీ, తెల్లకణాలను ఆకర్షించే సంకేతాలను పెంచి వాపు ప్రక్రియను రగిలిస్తుందనీ ప్రయోగశాలల్లో కనిపించింది. ఐతే వాటిలో చాలా ప్రయోగాల్లో వాడిన మోతాదు మామూలుగా రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ.

హోమోసిస్టీన్‌ను తగ్గించే ఫోలిక్ ఆమ్లం కథ 1930ల తొలినాళ్లలో బొంబాయిలో, గర్భిణుల రక్తహీనతపై లూసీ విల్స్ చేసిన పరిశోధనతో మొదలైంది; 1945లో లెడర్లే సంస్థలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అది కృత్రిమంగా తయారైంది.

మెకల్లీ సిద్ధాంతానికి అసలు అభ్యంతరం 2006లో వచ్చింది. నార్విట్, హోప్-2 అనే వైద్య పరీక్షల్లో బి విటమిన్లు హోమోసిస్టీన్‌ను తగ్గించాయి గానీ గుండెపోట్లను తగ్గించలేదు. కాబట్టి ఇది కారణం కాదు, వ్యాధికి గుర్తు మాత్రమేనని చాలామంది తీర్మానించారు. సాధారణ గుండెజబ్బు విషయంలో ఆ తీర్మానానికి బలముంది. జన్యుపరమైన అధ్యయనాలు కూడా దాన్నే సమర్థిస్తున్నాయి. కానీ ఆ పరీక్షల్లో పాల్గొన్నవారిలో అత్యధికుల ధమనులు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. హోప్-2లో పాల్గొన్నవారిలో ఎక్కువమంది ఫోలిక్ ఆమ్లం కలిపిన పిండి వాడే దేశాలవారు. అలాంటి పిండి వాడని చైనాలో, పక్షవాతం గానీ గుండెపోటు గానీ ఎన్నడూ రాని 20,702 మంది రక్తపోటు రోగులపై జరిపి 2015లో ప్రచురించిన పరీక్షలో, రక్తపోటు మందుకు ఫోలిక్ ఆమ్లం తోడైనప్పుడు తొలి పక్షవాతం ముప్పు 21 శాతం తగ్గింది. హోప్-2లోనూ పక్షవాతం కొంత తగ్గింది. హోమోసిస్టీన్యూరియా రోగుల్లో చికిత్సతో హోమోసిస్టీన్‌ను తగ్గిస్తే నాళ ప్రమాదాలు బాగా తగ్గుతాయి. కాబట్టి చాలా ఎక్కువగా పేరుకున్నప్పుడు హోమోసిస్టీన్ నాళాలకు హాని చేస్తుందన్న మెకల్లీ మూలసూత్రం నిలిచినట్లే. తక్కువ స్థాయిలో దాని ప్రభావం ఎవరిలో, ఏ లోపంతో కలిసి ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. భారతీయ శాకాహారుల్లో బి12 లోపం విస్తృతంగా ఉంది. దానితో హోమోసిస్టీన్ కూడా పెరుగుతోంది. అలాంటివారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్లు కనిపించి, బి12 కొరత వల్ల నరాలకు జరిగే నష్టం మరుగున పడవచ్చు. అందుచేత వారిలో ముందుగా చూడవలసింది బి12 స్థాయినే.