ఇనుప అతివాహకాలు

ఇనుము ఉన్న కొన్ని పొరల సమ్మేళనాలను బాగా చల్లబరిస్తే వాటిలో విద్యుత్ నిరోధం సున్నా అవుతుంది. వీటినే ఇనుప అతివాహకాలు అంటారు. రాగి ఆక్సైడ్ల తర్వాత బయటపడిన రెండో అధిక ఉష్ణోగ్రత అతివాహక కుటుంబం ఇది. అంతకుముందు ఇనుములో ఈ గుణాన్ని వెతకాలని ఎక్కువమందికి తోచకపోవడానికి గట్టి కారణమే ఉంది. మామూలు అతివాహకంలో వ్యతిరేక స్పిన్‌లున్న ఎలక్ట్రాన్లు, అంటే ఎదురెదురు దిశలకు తిరిగిన చిన్న అయస్కాంతాల్లాంటివి, జంట కడతాయి. అయస్కాంత పరమాణువు ఎదురైతే ఆ జంట విడిపోతుంది. అందుకే అలాంటి లోహంలో ఇనుము కొద్దిగా మలినంగా చేరినా అతివాహకత దెబ్బతింటుంది.

టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హిదియో హొసోనో బృందం నిజానికి వెతికింది అతివాహకాల కోసం కాదు, కొత్త రకం అర్ధవాహకాల కోసం. ఆ పనిలోనే 2006లో లాంథనం, ఇనుము, భాస్వరం, ఆక్సిజన్ కలిసిన సమ్మేళనం సుమారు 4 కెల్విన్ దగ్గర అతివాహకంగా మారింది. అంత తక్కువ ఉష్ణోగ్రత కావడంతో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు కానీ, అసలు మలుపు అదే. భాస్వరం స్థానంలో ఆర్సెనిక్ పెట్టి, కొంత ఆక్సిజన్ బదులు ఫ్లోరిన్ చేర్చగానే ఆ ఉష్ణోగ్రత 26 కెల్విన్‌కు, అంటే మైనస్ 247 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. 2008 ఫిబ్రవరిలో ఈ ఫలితం వెలువడిన కొద్ది వారాలకే చైనా ప్రయోగశాలలు లాంథనానికి బదులు సమారియం వంటి మూలకాలు వాడి 55 కెల్విన్ దాకా వెళ్లాయి. అదే ఏడాది మ్యూనిక్‌లో డిర్క్ యోరెంట్ బృందం బేరియం, పొటాషియం ఉన్న ఇనుప ఆర్సెనైడ్‌లో 38 కెల్విన్ సాధించింది. తైవాన్‌లో మావ్-కుయెన్ వు బృందం ఇనుప సెలెనైడ్‌లో 8 కెల్విన్ దగ్గర అతివాహకతను చూపింది. ఈ కుటుంబంలో అతి సరళమైన నిర్మాణం దానిదే: మధ్యలో వేరే పొరలేమీ లేకుండా ఇనుము-సెలీనియం పొరలే ఒకదానిపై ఒకటి పేరుకుని ఉంటాయి.

ఈ కుటుంబమంతటికీ ప్రాణం ఆ పొరలోనే ఉంది. అందులో ఇనుప పరమాణువులు చదరపు గళ్ల మూలల్లో కూర్చుంటాయి. ఆర్సెనిక్ లేదా సెలీనియం పరమాణువులు గళ్ల నడుమ ఒకటి పైన, ఒకటి కింద ఉంటాయి. అలా ప్రతి ఇనుప పరమాణువు చుట్టూ నాలుగు చేరి ఒక చతుర్ముఖి ఏర్పడుతుంది. ఆర్సెనైడ్లలో ఆ చతుర్ముఖి సమరూపానికి దగ్గరయ్యే కొద్దీ, అంటే బంధ కోణం 109.5 డిగ్రీలకు చేరువయ్యే కొద్దీ, అతివాహక ఉష్ణోగ్రత పెరిగే ధోరణి కనిపిస్తుంది.

ఫ్లోరిన్ కలపని లాంథనం-ఆర్సెనిక్ సమ్మేళనం అతివాహకం కాదు. సుమారు 155 కెల్విన్ దగ్గర దాని స్ఫటికం కాస్త వంకర తిరుగుతుంది. 137 కెల్విన్ దగ్గర ఇనుము స్పిన్‌లు చారలుగా సర్దుకుంటాయి. ఒక చారలోని స్పిన్‌లు ఒక దిశకు, పక్క చారలోవి ఎదురు దిశకు తిరిగి ఉంటాయి. ఫ్లోరిన్ చేర్చి ఈ అమరికను చెరిపేస్తేనే అతివాహకత తలెత్తుతుంది. స్ఫటిక ప్రకంపనలే ఎలక్ట్రాన్లను జంటగా కలుపుతున్నాయనుకుంటే లెక్క ప్రకారం ఇంత ఉష్ణోగ్రత రాదు. కాబట్టి చెదిరిన అమరిక మిగిల్చిన స్పిన్ హెచ్చుతగ్గులే జంటను కడుతున్నాయని 2008లోనే ఇగోర్ మజిన్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. వారి దృష్టిలో అయస్కాంతత్వం ఇక్కడ శత్రువు కాదు, జంట కట్టించే శక్తి. న్యూట్రాన్ ప్రయోగాలు ఈ వాదానికి చాలావరకు బలమిచ్చాయి. ఇనుప సెలెనైడ్ మాత్రం దీనికి అంత సులువుగా లొంగదు. సాధారణ పీడనంలో అది 90 కెల్విన్ దగ్గర వంకర తిరుగుతుంది గానీ, స్పిన్‌లు చారలుగా సర్దుకోవు. పైగా స్ట్రాన్షియం టైటనేట్ మీద పరిచిన దాని ఒకే ఒక్క పొరలో సుమారు 65 కెల్విన్ దాకా జంటల జాడ కనిపిస్తుంది. అక్కడ అడుగునున్న పదార్థపు ప్రకంపనలూ తోడ్పడుతున్నాయన్న వాదం ఉంది.

వీటి ఉష్ణోగ్రత ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్‌ను దాటలేదు. అయినా చాలా బలమైన అయస్కాంత క్షేత్రాలను ఇవి తట్టుకుంటాయి. స్ఫటిక రేణువుల మధ్య కోణం సుమారు 9 డిగ్రీలు తేడా వచ్చినా విద్యుత్‌ను బాగానే మోస్తాయి. రాగి ఆక్సైడ్లు అంత తేడాను ఓర్చవు. అందుకే వీటితో శక్తిమంతమైన అయస్కాంతాలకు తీగలు చేసే ప్రయత్నం సాగుతోంది. ఇనుప ఆర్సెనైడ్ పొడిని వెండి గొట్టంలో నింపి సాగదీసే పద్ధతిలో 2016లో బీజింగ్ పరిశోధకులు 100 మీటర్ల తీగ తయారుచేశారు. ఆర్సెనిక్ విషం కావడంతో తయారీ అంతా మూసిన పాత్రల్లో, గట్టి జాగ్రత్తల మధ్య జరగాల్సి ఉంటుంది.