మన పాట, మన చరిత్ర – 7: ర్యాపూ రాకూ కలిసేదెక్కడ?



ర్యాపరూ రాక్ బ్యాండూ కలిసి పాడితే అది సంగీతంగా నిలబడుతుందా, లేక పోస్టర్ మీద మాత్రమే బాగుంటుందా? నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలు కొన్నాళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్న ఇది. ఉత్త ఇష్టాయిష్టాల సంగతయితే నేను కలగజేసుకునేవాణ్ణి కాదు. ఎవరి చెవి వాళ్లది. కానీ ఈ ప్రశ్న వెనక ఒక చరిత్ర ఉంది, ఆ చరిత్రలో మనమూ ఉన్నాం. అందుకే ఈ భాగం మొత్తం దీనికే.

నా మాట ముందే చెప్పేస్తాను. కలుస్తాయి. అయితే ఎవరు ఎవరికి చోటిచ్చారన్న దాన్ని బట్టి కలుస్తాయి. సమాజంలో ఎట్లనో సంగీతంలోనూ అట్లనే.

1. ముందు విడగొట్టింది ఎవరు?

రెండు కలిశాయి అనే ముందు, అవి వేరుగా ఎందుకున్నాయో అడగాలి. 1920లలో అమెరికా రికార్డు కంపెనీలు నల్లవాళ్ల పాటల్ని "రేస్ రికార్డ్స్" అనే పేరుతో వేరుగా అమ్మాయి. పల్లెటూరి తెల్లవాళ్ల పాటల్ని "హిల్‌బిల్లీ" అన్నాయి. పాడేవాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూనే ఉన్నారు, గీత గీసింది అంగడి. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన పట్టికలో "రేస్" తీసేసి "రిథమ్ అండ్ బ్లూస్" అని పెట్టింది. పేరు మారింది, గీత అక్కడే ఉంది. మాలవాడకు, మాదిగవాడకు హరిజనవాడ అని బోర్డు పెట్టినట్టు.

రాక్ ఎవరిది? ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని చర్చి పాటల్ని ఉరికించిన నల్లజాతి స్త్రీ సిస్టర్ రోజెటా థార్ప్. 1938లోనే ఆమె రికార్డులు మొదలయ్యాయి. తర్వాత వచ్చిన రాక్ గిటారిస్టులు చాలామంది ఆమె బాకీదార్లే. ఆమె 1973లో చనిపోయింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమె పేరు చేర్చింది 2018లో. 45 ఏళ్లు పట్టింది. బిగ్ మామా థార్న్‌టన్ 1953లో హిట్ చేసిన "హౌండ్ డాగ్"ను ఎల్విస్ ప్రెస్లీ 1956లో పాడాడు. లోకం ఆ పాటను ఎల్విస్ పాటగానే గుర్తు పెట్టుకుంది. అట్లా అట్లా రాక్ అంటే తెల్లకుర్రాళ్ల సంగీతం అనే మాట స్థిరపడింది. ఎంతగా అంటే, 1985లో న్యూయార్క్‌లో వెర్నన్ రీడ్, గ్రెగ్ టేట్, కోండా మేసన్ కలిసి "బ్లాక్ రాక్ కొయలిషన్" పెట్టుకోవాల్సి వచ్చింది. తమ ఇంట్లో పుట్టిన సంగీతం వాయించడానికి తామే సంఘం కట్టుకోవాల్సిన గతి!

కాబట్టి ర్యాపూ రాకూ కలవడమంటే ఇద్దరు పరాయివాళ్లు చేతులు కలపడం కాదు. ఒక తల్లి పిల్లల్ని అంగడి విడదీసింది. వాళ్లు మళ్లీ ఎదురుపడడం అది.

2. 1986: గోడ పడింది, కానీ ఎవరి వైపు?

1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ చేసిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆయన చేసిన పని ఏమిటి? రికార్డులో పాట ఆగి డ్రమ్ము ఒక్కటే మోగే ముక్క ఉంటుంది. ఆ ముక్కను రెండు రికార్డు ప్లేయర్ల మీద మార్చి మార్చి వేసి సాగదీశాడు. ఆ డ్రమ్ము మీద మాట్లాడినవాడే తర్వాత ర్యాపర్ అయ్యాడు. డీజేలు ఈ ముక్కల కోసం రాక్ రికార్డులు కూడా వెతికారు. ఏరోస్మిత్ బ్యాండు 1975లో చేసిన "వాక్ దిస్ వే" మొదట్లో వచ్చే డ్రమ్స్ అట్లాంటి ముక్కే.

1986లో నిర్మాత రిక్ రూబిన్ ఆ పాట మొత్తాన్ని పాడమని రన్-డీఎంసీని అడిగాడు. వాళ్లకు మొదట ఇష్టం లేదు. చివరికి స్టీవెన్ టైలర్, జో పెర్రీ స్టూడియోకు వచ్చారు. ఒకరిది గొంతు, ఒకరిది గిటారు. గమనించండి, ఏరోస్మిత్ బ్యాండు మొత్తం రాలేదు. డ్రమ్ములు ర్యాప్ పద్ధతిలో యంత్రం మీద కట్టినవి, పక్కన జామ్ మాస్టర్ జే చేతి కింద రికార్డు గీతలు. అంటే రాక్ బ్యాండు వెనక నిలబడి ర్యాపర్ కేకలు వేయలేదు. ర్యాప్ కట్టిన ఇంట్లోకి గిటారు అతిథిగా వచ్చింది. పాట నిలబడడానికి అసలు కారణం ఇదే. ఇంకో కారణం కూడా ఉంది. ఏరోస్మిత్ పాడినప్పుడే ఆ పాటలో మాటలు రాగం మీద కాక లయ మీద నడిచాయి. ర్యాప్‌కు దారి అప్పటికే వేసి ఉంది.

పాట బిల్‌బోర్డ్‌లో 4వ స్థానానికి వెళ్లింది. పాత పాట 10 దాకానే వెళ్లింది. వీడియోలో రెండు గదుల మధ్య గోడ పగలడం చూపించారు. ఆ గోడ పడ్డాక ఎక్కువ లాభపడింది ఎవరు? దిగజారిపోయిన ఏరోస్మిత్ మళ్లీ లేచింది, దశాబ్దాల పాటు స్టేడియాలు నింపింది. రన్-డీఎంసీకి పేరు వచ్చింది, అంత లంబా ఆయుష్షు రాలేదు. సంగీతంగా సమానమైన కలయిక బజారులో సమానంగా పంచుకోబడదు. ఇది రాసి పెట్టుకోండి.

3. ఎక్కడ నిలబడింది, ఎక్కడ కూలింది

1991లో ఆంత్రాక్స్ అనే మెటల్ బ్యాండు, పబ్లిక్ ఎనిమీ కలిసి "బ్రింగ్ ద నాయిస్" మళ్లీ చేశారు, కలిసి ఊరూరా తిరిగారు. అది నిలబడింది. ఎందుకంటే పబ్లిక్ ఎనిమీ సంగీతం మొదటినుంచీ సైరన్లు, అరుపులు, మోత. గిటారు ఆ మోతకు బదులు వచ్చి కూర్చుంది. పొట్టిపొట్టి దెబ్బలుగా పలికింది, సాగదీయలేదు. గిటారు తప్పెట పని చేసిందనుకోండి.

1993లో "జడ్జ్‌మెంట్ నైట్" సినిమా కోసం 11 పాటలు చేశారు. ప్రతి పాటకూ ఒక రాక్ బ్యాండు, ఒక ర్యాప్ బృందం. ఈ ప్రశ్నకు అంతకన్నా మంచి ప్రయోగశాల లేదు. హెల్మెట్‌తో హౌస్ ఆఫ్ పెయిన్, బయోహజార్డ్‌తో ఆనిక్స్ గట్టిగా నిలబడ్డాయి, రెండు వైపులా ముక్కలు ముక్కలుగా నడిచే లయ కాబట్టి. టీనేజ్ ఫ్యాన్‌క్లబ్, డి లా సోల్ పాట వేరే దారిలో నిలబడింది. అరుపు లేదు, తగ్గి వాయించారు, తగ్గి మాట్లాడారు. మిగతా కొన్ని పాటల్లో మాత్రం ర్యాపర్ తన ముక్క చెప్పి పోతాడు, గిటారు తన ముక్క వాయించి పోతుంది. ఒకే బస్సులో ఎక్కిన ఇద్దరు ప్రయాణికుల్లాగా ఉంటాయి నా చెవికి.

కారణం సాంకేతికమైనదే, అర్థం చేసుకోవడం కష్టం కాదు. మనిషి మాటలో అక్షరాలు తేటగా వినపడే ధ్వని ప్రాంతం ఒకటి ఉంది. డిస్టార్షన్ పెట్టిన గిటారు సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. పాటగాడైతే రాగం పైకి తీసి తప్పించుకుంటాడు. ర్యాపర్‌కు రాగం లేదు, అక్షరమే ఆస్తి. అక్షరం మునిగితే ర్యాప్ మునిగింది. అప్పుడు ర్యాపర్ అరుస్తాడు, గిటారు ఇంకా పెంచుతుంది, చివరికి మిగిలేది రొద. అందుకే ఎక్కువగా నిలబడింది ఒక్కరోజు కలయికలు కాదు, ఒకే బ్యాండులో ఇద్దరూ ఉన్నవి. 1992లో వచ్చిన రేజ్ అగెయిన్‌స్ట్ ద మెషీన్‌లో టామ్ మొరెల్లో గిటారును రికార్డు గీసినట్టు పలికించాడు. 2004లో జే-జీతో కలిసిన లింకిన్ పార్క్‌లో మైక్ షినోడా అనే ర్యాపర్ ముందే ఉన్నాడు. ఆ బ్యాండుకు మాటకు చోటివ్వడం అలవాటు.

1990ల చివర్లో వచ్చిన ర్యాప్-రాక్ గుంపుల్లో చాలావాటికి కోపం ఉంది, కోపానికి చరిత్ర లేదు. ఎవరి మీద కోపమో తెలియని కోపం సంగీతంలో కూడా తొందరగా పాతబడుతుంది.

4. మన రేనాట్లో

ఇప్పుడు ఇంటికి వద్దాం. డ్రమ్ము మీద మాట మనకు కొత్త కాదు. తప్పెట కొట్టి చాటింపు వేసినవాడు మన తాత. కొట్టుడు, ఆపుడు, మాట, మళ్లీ కొట్టుడు. దాన్ని కళ అని ఎవరూ అనలేదు, వెట్టి అన్నారు. ఆ వెట్టి మాటనే 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ బిడ్డలు ఉద్యమం పేరుగా మార్చారు: దండోరా. అదే 1994లో "ప్రేమికుడు" సినిమా పేట ర్యాప్‌తో మన ఊళ్లకు ర్యాప్ అనే మాటను తెచ్చింది. ఒకే ఏడాది ఒక పాత చాటింపు రాజకీయం అయింది, ఒక కొత్త చాటింపు సినిమా పాట అయింది. ఈ రెండూ ఒకదాన్ని ఒకటి గుర్తుపట్టలేదు.

బుర్రకథలో చూడండి. కథకుడు గుక్క తిప్పకుండా వచనం నడుపుతుంటే వంతలు గుమ్మెట్లతో ఎక్కడ అందుకోవాలో తెలిసి అందుకుంటారు. గద్దర్ పాట ఆపి, లయ ఆపకుండా మాట్లాడి, మళ్లీ పాటలోకి దూకేవాడు. ర్యాప్ అనే పేరు పెట్టకపోయినా ఆ విద్య మనదే.

మరి గిటారు? అది మన వాడలకు చర్చి దారిలో వచ్చింది. 19వ శతాబ్దంలో ఎస్‌పీజీ మిషనరీలు ముత్యాలపాడులో, నంద్యాలలో పని మొదలుపెట్టినప్పుడు వాళ్ల వెంట నడిచినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగలే. కీర్తనలతో మొదలైన ఆ సంగీతం ఇవాళ గిటారు, కీబోర్డు, రిథమ్ ప్యాడ్ల దాకా వచ్చింది. సిస్టర్ రోజెటా కథ మనకు దూరం కాదు మిత్రులారా. మన వాడలో రాక్ బ్యాండు ఎక్కడుందని అడిగితే ఆదివారం చర్చికి పొండి, అక్కడ ఉంది.

కానీ చర్చి గిటారు ఒక గదిలో, తప్పెట ఇంకో గదిలో ఉండిపోయాయి. తప్పెట అంటే చావు, జాతర, పీర్ల పండగ. గిటారు అంటే శుభ్రం, చదువు. ఊరు మనకు నేర్పిన అంటు మనం మన వాయిద్యాల మీద కూడా పాటిస్తున్నాం. రన్-డీఎంసీ వీడియోలో పగిలిన గోడ మనకు వాడ లోపలే ఉంది.

5. మదరాసులో చేసి చూపించారు

2018 జనవరి 6న చెన్నై కీల్పాక్‌లో "క్యాస్ట్‌లెస్ కలెక్టివ్" మొదటి కచేరీ జరిగింది. పా. రంజిత్ నీలం సంస్థ, సంగీతకారుడు టెన్మా కలిసి కట్టిన 19 మంది బృందం. పేరు అయోతీదాస్ పండితుడు వందేళ్ల కింద చెప్పిన కులం లేని తమిళుల మాట నుంచి తీసుకున్నారు. అందులో చావు ఇళ్ల దగ్గర పుట్టిన గానా ఉంది, పరై ఉంది, అరివు ర్యాప్ ఉంది, గిటారూ డ్రమ్సూ ఉన్నాయి. ఇసైవాణి గొంతు ఉంది. అది ఎందుకు నిలబడిందంటే గిటారు మీద పరైని అలంకారంగా అతికించలేదు. పరై దెబ్బ మీదే మిగతాదంతా కట్టారు.

అక్కడా కథ సుఖాంతం కాలేదు. 2021లో అరివు రాసి పాడిన "ఎంజాయ్ ఎంజామి" దేశమంతా మోగింది. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ ఉంది, షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నాడు, అరివు లేడు. రంజిత్ అడిగాడు, జనం అడిగారు, ఆ తర్వాతే అరివుకు వేరే ముఖచిత్రం వచ్చింది. 1956 ఎల్విస్ కథా 2021 కథా పక్కపక్కన పెట్టి చూడండి.

6. పిల్లలకు నాలుగు మాటలు

ఒకటి. ముందు తప్పెటా మాటా కట్టుకోండి, గిటారు తర్వాత రానివ్వండి. ర్యాపర్ మాట్లాడేటప్పుడు గిటారు పొట్టి దెబ్బలే వేయాలి. సాగే తీగలు పల్లవి వచ్చినప్పుడు.

రెండు. మన తప్పెట దెబ్బల్లో చాలావాటిది మూడేసి లెక్కల నడక. ర్యాప్ నాలుగు లెక్కలది. కొట్లాడుకోవద్దు. నాలుగు దెబ్బల్లో ఒక్కొక్కదాన్ని మూడుగా విడగొడితే పన్నెండు. ఆ పన్నెండులో ఇద్దరికీ చోటుంది.

మూడు. డ్రమ్ సెట్‌లో స్నేర్, తప్పెట మీద చిటికెన పుల్ల ఒకే రకంగా చురుక్కుమంటాయి. రెండూ ఒకే దెబ్బ మీద పడితే రెండూ చెడతాయి. స్నేర్ తగ్గించండి. తప్పెట కాచుకోవడానికి వేదిక పక్కన మంట పెట్టుకునే చోటు చూడండి. గిటారుకు శృతి చేసుకునే టైమిచ్చి తప్పెటకు ఇవ్వకపోవడం కూడా వివక్షే.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. ఒక ఊళ్లో జయంతి ఊరేగింపులో మూడు గంటలు కొట్టిన తప్పెట పెద్దమనుషుల్ని వేదిక దగ్గరికి రాగానే పంపించేయడం నేను కళ్లారా చూశాను. వేదిక మీద సౌండ్ సిస్టమ్ వాళ్లకు కుర్చీలు, టీలు. మన జెండా కిందే జరిగింది అది. పోస్టర్ మీద ర్యాపర్ పేరుంటే తప్పెట కొట్టినాయన పేరూ ఉండాలి. గిటారు పిల్లాడికి ఎంత ఇస్తే ఆయనకూ అంత ఇవ్వాలి. రికార్డు చేసి పైకి ఎక్కిస్తే అందరి పేర్లూ రాయాలి.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనకు తెలుసు. తెలియడానికి ఒక కారణం రేనాటి ఊళ్లల్లో తిరిగిన పాట. 2019లో సినిమా కూడా వచ్చింది. ఆ పాటను గొంతుల్లో మోసినవాళ్ల పేర్లు మనలో ఎంతమందిమి చెప్పగలం? ర్యాపూ రాకూ కలుస్తాయా అని అడిగే ప్రతి తమ్ముడూ, ప్రతి చెల్లెలూ ఈ ప్రశ్న కూడా జేబులో పెట్టుకోండి. లయ కుదిరితే పాట ఒక రాత్రి నిలబడుతుంది. పేర్లూ కూలీ కూడా కుదిరితే బృందం నిలబడుతుంది.

వచ్చే భాగంలో చర్చి కీర్తన నుంచి ఉద్యమ పాట దాకా నడిచిన దారి రాస్తాను.

జై భీమ్.