డెన్‌బీ కోట పిల్లవాడు

1841 ఫిబ్రవరి 19. ఉత్తర వేల్స్‌లో డెన్‌బీ అనే చిన్న పట్నం. సెయింట్ హిలరీ చర్చిలో మూడు వారాల మగబిడ్డకు బాప్తిస్మం అయింది. చర్చి గురువు రిజిస్టర్ తీసి, కలం సిరాలో ముంచి గళ్ళు నింపాడు. బిడ్డ పేరు జాన్. తండ్రి జాన్ రోలండ్స్, లిస్ అనే పొలం ఇంటివాడు. తల్లి ఎలిజబెత్ ప్యారీ, డెన్‌బీ కోట దగ్గర ఉండే పిల్ల. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. అందుకని బిడ్డకు సంబంధించిన ఆ వరుసలో ఇంకో మాట కూడా పడింది: బాస్టర్డ్.

చట్టం దృష్టిలో అది తిట్టు కాదు, గుమాస్తా మాట. ఆ రోజుల్లో వందల రిజిస్టర్లలో అలాగే రాసేవారు. కానీ ఆ మాట మోయాల్సింది రాసినవాడు కాదు, ఇంకా కళ్ళు కూడా సరిగ్గా నిలపలేని ఆ పసివాడు. దాని నుంచి తప్పించుకోవడానికి అతను పెద్దయ్యాక సముద్రం దాటాడు. పేరు మార్చుకున్నాడు. దేశం మార్చుకున్నాడు. లేని తండ్రిని కల్పించుకున్నాడు. 1871 నవంబరులో టాంగన్యీకా సరస్సు ఒడ్డున, ఉజిజీలో, లోకమంతా చనిపోయాడనుకున్న ఆఫ్రికా అన్వేషకుడు డాక్టర్ లివింగ్‌స్టన్‌ను కనుగొన్న హెన్రీ మోర్టన్ స్టాన్లీ అతనే. మనం బడిలో చదువుకున్న స్టాన్లీ.

అతను కల్పించుకున్న కథ ఒకటి. చర్చి పుస్తకాలు, జనాభా లెక్కలు, ఖనన రికార్డులు చెప్పే కథ మరొకటి. ఈ రెండో కథే ఇక్కడ చెబుతున్నాను.

ముందు పేర్ల సంగతి. మన ఇంటిపేర్లలాంటివి వేల్స్ పల్లెల్లో చాలాకాలం లేవు. తండ్రి పేరే కొడుక్కి రెండో పేరు. హారీ కొడుకు ‘అప్ హారీ’. అది నోళ్ళలో నలిగి ప్యారీ అయింది. రీస్ కొడుకు ‘అప్ రీస్’. అది ప్రైస్ అయింది. రోలండ్ కొడుకు రోలండ్స్. తరం మారితే ఇంటి గుర్తే మారిపోయేది. ఇప్పుడు తాతముత్తాతల కోసం వెతికే వేల్స్ కుటుంబాలకు వచ్చే మొదటి చిక్కు ఇదే. ఊరూరా జాన్ జోన్సులు, జాన్ రోలండ్సులు. ఖనన రిజిస్టర్ తెరిస్తే పోయినవాడి గురించి నాలుగే సంగతులు కనిపిస్తాయి: పేరు, ఉన్న చోటు, పూడ్చిన తేదీ, వయసు. 1813 నుంచి అచ్చు ఫారం పోయినవాడి గురించి అంతే అడిగింది. ఎవరి కొడుకో, ఎవరి భర్తో, ఏ జబ్బుతో పోయాడో అందులో ఉండదు. ఆ నాలుగింటిలో పేరు ఎవరినీ పట్టివ్వదు. పట్టిచ్చేది రెండో గడి, అంటే ఉన్న చోటు. పొలం పేరు, ఇంటి పేరు, వీధి పేరు. డెన్‌బీ బాప్తిస్మం పుస్తకంలోనూ అంతే. ‘లిస్’, ‘కోట’ అనే రెండు చిన్న మాటలే అంతమంది జాన్లలో ఈ జాన్ ఎవరో తేల్చిచెప్పాయి.

లిస్‌వాడు కాదు, ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒక లాయరే అసలు తండ్రి అన్న పుకారు కూడా ఉంది. పుకారుకు రిజిస్టర్ ఉండదు కాబట్టి దాన్ని అక్కడే వదిలేస్తున్నాను.

తల్లి బిడ్డను పుట్టింట్లో వదిలి వెళ్ళిపోయింది. పెంచినవాడు తాత, మోజెస్ ప్యారీ. వృత్తి మాంసం కొట్టు. ఆ ఏడాది జూన్ 6న దేశమంతటా జనాభా లెక్కలు రాశారు. ప్రతి మనిషి పేరూ రాయించిన మొదటి లెక్క అదే. పెన్సిల్‌తో రాశారు. పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసును కిందున్న అయిదుకు సవరించమన్నారు. నలభై మూడేళ్ళ మనిషి కాగితం మీద నలభై. ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో అడగనేలేదు. కొడుకు, మనవడు, పాలేరు అందరూ ఒకే వరుసలో పేర్లుగా నిలబడతారు. తాత ఒళ్ళో పెరిగే పెళ్ళికాని కూతురి బిడ్డకు అంతకంటే దయగల కాగితం మళ్ళీ దొరకలేదు.

1846 జూన్‌లో తాత పొలంలో ఉండగానే కుప్పకూలి చనిపోయాడు. పిల్లవాడికి అయిదేళ్ళు. మేనమామలు అతన్ని పక్కనే ఉన్న ప్రైస్ అనే దంపతుల ఇంట్లో పెట్టి, వారానికి అర క్రౌన్, అంటే రెండున్నర షిల్లింగులు, ఇస్తామన్నారు. కొన్నాళ్ళు ఇచ్చారు. తర్వాత ఆపేశారు.

1847 ఫిబ్రవరి 20. శనివారం. ప్రైసుల కొడుకు డిక్ ఆరేళ్ళ జాన్‌ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. మీ పిన్ని మేరీ వాళ్ళింటికి వెళ్దామన్నాడు. పిల్లవాడు సంతోషంగా ఎక్కాడు. కొండదారి, చలిగాలి. ఎంతసేపటికీ ఊరు రాదేమని పిల్లవాడు అడుగుతూనే ఉన్నాడు. చివరికి ఒక పెద్ద రాతి కట్టడం ముందు డిక్ అతన్ని దించి గంట మోగించాడు. లోపల ఎక్కడో ఆ గంట ఖణేల్మంది. తలుపు తెరిచినవాడు పిల్లవాడి చెయ్యి పట్టుకున్నాడు. డిక్ వెనక్కి తిరిగాడు. తలుపు పడింది.

అది సెయింట్ ఆసఫ్ వర్క్‌హౌస్. దిక్కులేనివాళ్ళకు ఇంత కూడు పెట్టి, ఒళ్ళొంచి పనిచేయించే పేదల కొట్టం. ఏభై ఏళ్ళు గడిచాక రాసుకున్న ఆత్మకథలో కూడా స్టాన్లీ ఆ గంట మోతను మరిచిపోలేదు. మోసం అంటే ఏమిటో తనకు మొదటిసారి తెలిసింది ఆ గుమ్మం దగ్గరే అన్నాడు. ఈ పట్టున అతను చెప్పింది నిజం. అతను చేరిన తేదీ వర్క్‌హౌస్ పుస్తకంలో ఉంది.

1851 మార్చి 30 రాత్రి మళ్ళీ జనాభా లెక్కలు. ఈసారి ఖచ్చితమైన వయసు, బంధుత్వం, పుట్టిన ఊరు అన్నీ అడిగారు. అయితే బంధుత్వపు గడి ఇళ్ళలో ఉన్నవాళ్ళకు. వర్క్‌హౌస్‌లో ఉన్నవాళ్ళను పేదలుగానే రాసుకున్నారు. పదేళ్ళ జాన్ రోలండ్స్ ఆ జాబితాలో ఒక పేరు.

ఒకనాడు తల్లి కూడా ఇద్దరు పిల్లలతో అక్కడికే వచ్చి చేరింది. భోజనాల వేళ మాస్టారు ఒకామెను చూపించి, ఎవరో తెలుసా అని జాన్‌ను అడిగాడు. తెలియదన్నాడు. నీ తల్లి అని మాస్టారే చెప్పాడు. పిల్లవాడు ఆశగా అటు చూశాడు. ఆమె చూపులో ఆప్యాయత లేదని, తన గుండె ముడుచుకుపోయిందని రాసుకున్నాడు. ఈ దృశ్యం ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. అతను చెబితేనే మనకు తెలిసింది.

ఇక్కడి నుంచి కాగితాలకూ అతని మాటలకూ పొత్తు చెడుతుంది. క్రూరుడైన మాస్టారు జేమ్స్ ఫ్రాన్సిస్‌ను తిరగబడి కొట్టి, గోడ దూకి పారిపోయానని స్టాన్లీ రాశాడు. 1856 మేలో వర్క్‌హౌస్ పుస్తకం రాసింది వేరు: హోలీవెల్‌లో బడి నడిపే బంధువు దగ్గరికి వెళ్ళాడు. అంతే. తిరుగుబాటూ లేదు, గోడా లేదు. అంతకు ఏడాది ముందు, 1855 జనవరిలో, బాగా చదువుతున్నాడని సెయింట్ ఆసఫ్ బిషప్ తన పేరు రాసి ఇచ్చిన బైబిల్ కూడా ఉంది. అక్కడ అతను దెబ్బలు తినలేదని కాదు. దెబ్బలకు తోడు ఆ బహుమతి కూడా ఉంది. కథలో అది మాత్రం ఇమడలేదు.

బయటపడ్డాక లిస్‌కు వెళ్ళాడు, తండ్రి తరఫు తాతను చూడటానికి. ముసలాయన పైపు కాలుస్తూ కూర్చుని అంతా విన్నాడు. వచ్చిన దారినే పొమ్మని ఆ పైపుతోనే తలుపు చూపించాడు.

1858 డిసెంబరులో లివర్‌పూల్‌లో విండర్‌మియర్ అనే ఓడ ఎక్కాడు. 1859 తొలినాళ్ళలో న్యూ ఆర్లీన్స్‌లో దిగాడు. ఆ తర్వాతి కథ అతను చెప్పినట్టయితే ఇది: హెన్రీ హోప్ స్టాన్లీ అనే ధనవంతుడైన పత్తి వర్తకుడు తనను చేరదీశాడు, కొడుకుగా దత్తత తీసుకుని తన పేరిచ్చాడు. తల్లిలా చూసుకున్న అతని భార్య 1859లో పచ్చజ్వరంతో కన్నుమూసింది. 1861లో ఆ తండ్రీ క్యూబాలో పోయాడు. కొడుకు మళ్ళీ అనాథ అయ్యాడు.

లోకం దశాబ్దాల తరబడి నమ్మింది. తర్వాత జీవితచరిత్రకారులు న్యూ ఆర్లీన్స్ రికార్డులు తిరగేశారు. ఆ వర్తకుడు ఉన్నమాట నిజమే. కానీ 1861లో చనిపోలేదు. 1878 దాకా బతికాడు. భార్య కూడా 1878 దాకా బతికే ఉంది. 1860లో అమెరికా జనాభా లెక్కలు రాసినప్పుడు మన కుర్రవాడు ఆర్కన్సాలో సైప్రెస్ బెండ్ అనే పల్లెలో, ఒక కొట్లో పనిచేస్తున్నాడు. ఎన్యూమరేటర్‌కు చెప్పిన పేరు విలియం హెన్రీ స్టాన్లీ. ‘మోర్టన్’ ఇంకా పుట్టలేదు. పేరును కొంచెం కొంచెంగా తొడుక్కుంటున్నాడు.

ఇవన్నీ చూపించి అతన్ని అబద్ధాలకోరు అనేవాళ్ళతో నేను ఏకీభవించలేను. ఆ దత్తత కథలోని అబద్ధాలన్నీ వరుసగా పెట్టి చూడండి. డబ్బు కోసం చెప్పినవి కావు. ఒక తల్లి, ఒక తండ్రి, ఇద్దరూ తనను ప్రేమించారు, చచ్చిపోబట్టే దూరమయ్యారు. అందులో అతను కల్పించుకున్నది ఇంతే. తనను ఎవరూ వదిలేయలేదని చెప్పుకోవడానికి, బతికున్న ఇద్దరిని కాగితం మీద ముందే సమాధి చేశాడు.

1862లో అమెరికా అంతర్యుద్ధంలో పట్టుబడి, జబ్బుపడి, చిరిగిన బట్టలతో వేల్స్‌లో తల్లి ఇంటి తలుపు తట్టాడు. ఆమె అప్పటికి పెళ్ళి చేసుకుని గ్లాస్‌కోయిడ్‌లో క్రాస్ ఫాక్సెస్ అనే సత్రం నడుపుతోంది. ఒక్క రాత్రి ఉండనిచ్చింది. ఇంతకంటే మంచి స్థితిలో ఉంటే తప్ప రావద్దని పంపేసింది. నాలుగేళ్ళకు, 1866 డిసెంబరులో, నౌకాదళ అధికారి దుస్తుల్లో తిరిగొచ్చాడు. డెన్‌బీ కోట సందర్శకుల పుస్తకంలో సంతకం చేశాడు: జాన్ రోలండ్స్, ఒకప్పుడు ఈ కోటవాడు, ఇప్పుడు అమెరికా నౌకాదళంలో ఎన్‌సైన్. ఆ ఉద్యోగం అబద్ధం. నౌకాదళాన్ని వదిలి పారిపోయి అప్పటికి ఏడాది దాటింది. పేరు మాత్రం నిజం. ఆ కోట దగ్గర నిలబడినప్పుడు వేరే పేరు రాయలేకపోయాడు.

లివింగ్‌స్టన్‌తో పేరు మోగిపోయిన 1872లోనే గుట్టు రట్టయింది. వేల్స్‌లో అతన్ని ఎరిగినవాళ్ళు నోరు విప్పారు. లండన్‌లో హోటెన్ అనే ప్రచురణకర్త అతని పుట్టుపూర్వోత్తరాలతో పుస్తకమే వేశాడు. స్టాన్లీ మండిపడ్డాడు, తాను అమెరికావాడినే అన్నాడు. తన కలంతో డెన్‌బీ పుట్టుకను ఒప్పుకున్నది చివరి రోజుల్లో రాసిన ఆత్మకథలోనే. అసంపూర్ణంగా ఉన్న ఆ పుస్తకాన్ని భార్య డొరొతీ 1909లో, అతను పోయాక, అచ్చువేయించింది. దత్తత తండ్రి కథ మాత్రం అందులోనూ అలాగే ఉంది.

జాలి పడినంత మాత్రాన మిగతాది మరిచిపోలేం. బెల్జియం రాజు లియోపోల్డ్ కోసం కాంగోలో దారులు వేసినవాడు, నాయకుల చేత ఒప్పందాలు చేయించినవాడు ఇతనే. ఆ నేల మీద తర్వాత జరిగిన ఘోరం లోకమెరిగినది. అక్కడివాళ్ళు అతనికి పెట్టిన పేరు బులా మటారి, రాళ్ళు పగలగొట్టేవాడని. తర్వాత ఆ మాటే వలస ప్రభుత్వానికి పేరయింది. జనం భయంతో పలికేవారు. అతని యాత్రల్లో మూటలు మోసి, జ్వరాలతోనూ ఆకలితోనూ దారిలో రాలిపోయిన ఆఫ్రికా కూలీలు ఎందరో. జాన్‌కు బాప్తిస్మం రిజిస్టర్ ఉంది, వర్క్‌హౌస్ పుస్తకం ఉంది, జనాభా లెక్కల్లో వరుస ఉంది. అవమానించినా సరే, అతనున్నాడని ఆ పుస్తకాలు చెప్పాయి. ఆ కూలీలను ఏ చర్చి ఆవరణలోనూ పూడ్చలేదు, వారి వారసులు తిరగేయడానికి ఏ ఖనన రిజిస్టరూ లేదు. ఈ గాథలో నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే.

1904 మే 10న స్టాన్లీ లండన్‌లో కన్నుమూశాడు. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో లివింగ్‌స్టన్ పక్కన పడుకోవాలన్నది అతని ఆఖరి కోరిక. అంతకు ముప్పై ఏళ్ళ ముందు లివింగ్‌స్టన్ శవపేటికకు భుజం పట్టినవాళ్ళలో అతనూ ఉన్నాడు. అబ్బే డీన్ ఒప్పుకోలేదు. సర్రే జిల్లాలోని పిర్‌బ్రైట్ పల్లె చర్చి ఆవరణలో సమాధి చేశారు. భార్య ఒక పెద్ద గ్రానైట్ బండను తెప్పించి నిలబెట్టింది. దాని మీద హెన్రీ మోర్టన్ స్టాన్లీ అని, బులా మటారి అని, 1841–1904 అని, ఆఫ్రికా అని చెక్కించింది.

డెన్‌బీ అని లేదు. జాన్ రోలండ్స్ అనీ లేదు. ఆ పేరు కావాలంటే ఇప్పటికీ సెయింట్ హిలరీ చర్చి 1841 రిజిస్టర్‌లో చూడాలి.