ఒక పేరు, రెండు కంపైలర్లు

2000వ సంవత్సరము సెప్టెంబరులో అమెరికాలోని రెడ్ హ్యాట్ సంస్థ తన లినక్స్ నిర్వహణ వ్యవస్థ యొక్క 7.0వ కూర్పును విడుదల చేసెను. అందులో ఒక వింత కలదు. ముఖ్యమైన కంపైలరు ఒకటి యుండగా, వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెలును తయారుచేయుటకు మాత్రము పాత కంపైలరు నొకదానిని ‘కెజిసిసి’ యను వేరు పేరుతో ప్రక్కన చేర్చిరి.

మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రమునకు తెలియు సున్నలుగా, ఒకట్లుగా మార్చునదే కంపైలరు. ‘జిసిసి’ యను కంపైలరును రిచర్డ్ స్టాల్మన్ 1987లో వెలువరించెను. దాని అభివృద్ధి మందగించినదని తలచి కొందరు 1997లో వేరుపడి ‘ఇజిసిఎస్’ అను శాఖను నెలకొల్పిరి. దానిని ‘ఎగ్స్’, అనగా గ్రుడ్లు, అని పలుకుట వారి చమత్కారము! 1999 ఏప్రిలులో ఆ శాఖయే అసలు జిసిసిగా గుర్తింపబడెను, జూలైలో 2.95వ కూర్పు వచ్చెను.

తరువాతి కూర్పు ఇంకను సిద్ధము కాలేదు. రెడ్ హ్యాట్ వారు నిర్మాణములో నున్న ప్రతిని గైకొని, తామే కొన్ని దోషములను సవరించి, 2.96 అను సంఖ్యతో పంచిపెట్టిరి. సి++ భాషా ప్రమాణములకు అది మరింత దగ్గరగా నుండెనను వారి వాదము త్రోసివేయదగినది కాదు. కాని 2.96 అను కూర్పును తాము విడుదల చేయలేదనియు, చేయబోమనియు జిసిసి నిర్వాహక సంఘము 2000 అక్టోబరులో ప్రకటించెను. ఆ సంఖ్య యిక పనికిరాదని తమ ప్రతులను 2.97గా మార్చుకొనెను. ఈ తగవులో న్యాయము సంఘమువైపే యున్నదని తోచును. ఏలయన కూర్పుసంఖ్యను నమ్మియే ఇతరులు తమ ప్రోగ్రాములను అమర్చుకొందురు.

చిక్కు సంఖ్యతో తీరలేదు. సి++ కంపైలరు ప్రతి ఫంక్షను పేరును ఒక సంకేతముగా మార్చి వ్రాయును. పూర్ణాంకము నొకదానిని గైకొను ‘ఎఫ్’ అను ఫంక్షనును చూడుడు. 2.95వ కూర్పు దానిని ‘ఎఫ్’, రెండు అడుగుగీతలు, మరల ‘ఎఫ్’, ‘ఐ’ అని వ్రాసెడిది. 2001 జూనులో వచ్చిన 3.0వ కూర్పు అడుగుగీత, ‘జెడ్’, 1, ‘ఎఫ్’, ‘ఐ’ అని వ్రాసెను. ముక్కలను జతచేయు లింకరు అక్షరము పొల్లుపోకుండ పేరును వెదకును. దొరకనిచో పని ఆపివేయును. రెండు అనువాదములును సరియైనవే, కాని మీటరు గేజి పెట్టెను బ్రాడ్ గేజి పట్టాలపై ఎక్కించలేము కదా! 2.96 సి++ విషయమున ముందుదానితోను పొసగలేదు, వెనుకదానితోను పొసగలేదు. అందుచే దానితో నిర్మించిన ప్రోగ్రాములు ఇతర లినక్స్ పంపిణీలలో పలుమారు మొరాయించెను.

డెబియన్ పంపిణీదారులు కంపైలరు పొట్లము పేరులోనే కూర్పుసంఖ్యను చేర్చి, పలు కంపైలర్లు ఒకే యంత్రములో ఇముడునట్లు చేసిరి. ‘జిసిసి’ యను పేరు వాటిలో నొకదానిని చూపు గురుతు మాత్రమే. దీనితో ఫైళ్ల తగవు తీరెను గాని సంకేతముల తగవు తీరలేదు: 2002 ఆగస్టున 3.2వ కూర్పులో ఆ కట్టుబాట్లను మరల సవరింపవలసి వచ్చెను. 2015లో 5వ కూర్పు వచ్చినప్పుడు మాత్రము పాత, క్రొత్త అక్షరమాలికా రూపములు రెండింటిని ఒకే గ్రంథాలయములో వేర్వేరు సంకేతములతో నిలిపిరి.