పరాయి పట్టాలపై ఫ్రెంచి నగరం

శీతకాలంలో పుదుచ్చేరికి రైలులో వచ్చే యాత్రికునికి మార్గదర్శకులు ఫ్రెంచి వీధులను, గవర్నరు భవనాన్ని, సముద్రతీరాన్ని చూపుతారు. అతడు దిగిన స్టేషనును మాత్రం చూపరు. ఈ నగర రాజకీయ చరిత్రలో కొంత భాగం ఆ పట్టాలపైనే నడిచింది.

విల్లుపురం నుంచి మీటర్‌గేజి మార్గం 1879 డిసెంబరులో ప్రారంభమైంది. నగరం ఫ్రెంచివారిది, రైలు నడిపినది బ్రిటిష్ వారి సౌత్ ఇండియన్ రైల్వే. వాణిజ్యానికి తెరచిన ఆ దారే నిఘాకూ దారి అయింది. 1908లో సుబ్రహ్మణ్య భారతి ఇక్కడ ఆశ్రయం పొందాడు. 1910 ఏప్రిల్ 4న అరవిందుడు ఓడలో వచ్చి దిగాడు. భారతి పదేళ్ల తరువాత, 1918 నవంబరులో, సరిహద్దు దాటగానే అరెస్టయ్యాడు. ఆశ్రయానికీ చెరసాలకూ మధ్య ఉన్నది కొద్ది మైళ్ల దూరమే.

స్వాతంత్ర్యానంతరం ఆ సరిహద్దునే భారత ప్రభుత్వం ఆర్థిక ఆంక్షలకు సాధనం చేసుకున్నది. 1954 అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రతినిధులలో 170 మంది విలీనాన్ని కోరారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. అయితే అంతకు నాలుగు నెలల ముందే, జూన్ 13న, దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో తెలుగు యానాం విముక్తమైంది.

ఆ యానాంకు నేటికీ రైలు స్టేషను లేదు. తన రాజధానికి రైలులో పోదలచిన యానాం పౌరుడు ముందుగా కాకినాడ చేరాలి. పరస్పరం నమ్మని రెండు సామ్రాజ్యాలు 1879లో ఒక రైలుమార్గానికి అంగీకరించగలిగాయి. ఒకే జెండా కింద ఏడు దశాబ్దాలు గడచినా మనకు అది సాధ్యం కాలేదు.